లాప్‌టాప్‌కి టైమ్‌జోన్ నెట్‌వర్కే చెప్పాలంటే

విశాఖపట్నం

చిరంజీవి బాబుకి ఆశీస్సులు.

పోర్టు దగ్గర షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో నెట్‌వర్కు పని నీకు అప్పజెప్పారని, ఓడ దిగి వచ్చినవాళ్ల లాప్‌టాప్‌లు మీ వైఫైకి కలిపాక కూడా సింగపూర్ టైమే చూపిస్తున్నాయని రాశావు. రెండున్నర గంటలు ముందున్న టైముతో ఓడ బెర్తుకొచ్చిన వేళ కాగితాలకెక్కితే ఎంత గొడవో నీకు తెలుసు. ఒక్కొక్కటీ చేత్తో మార్చుకుంటూ కూర్చోకు. యంత్రం నెట్‌వర్కుకి కలవగానే దానికి చిరునామా, మిగతా వివరాలు ఇచ్చే డీహెచ్‌సీపీతో చెప్పించు.

ముందు రెండు సంగతులు విడదీసుకో. టైము సరిగ్గా ఉంచడం ఎన్‌టీపీ పని, అంటే నెట్‌వర్కు మీద గడియారాలు దిద్దే పద్ధతి. అది దిద్దేది యూటీసీని, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయాన్ని. ఆ యూటీసీని ఏ ప్రాంతం లెక్కలో చూపించాలన్నది టైమ్‌జోన్. తేడా సరిగ్గా రెండున్నర గంటలైతే జోన్ తప్పు. ఏడు నిమిషాలైతే ఎన్‌టీపీ అందడం లేదు. డీహెచ్‌సీపీ పంపే ఒక్కో వివరానికి ఒక అంకె ఉంటుంది, దాన్నే ఆప్షన్ అంటారు. ఎన్‌టీపీ సర్వరు ఏదో చెప్పే 42వ ఆప్షన్‌లో ఐపీ చిరునామాయే ఇవ్వాలి, పేరు పెడితే పనిచేయదు.

జోన్ చెప్పడానికి డీహెచ్‌సీపీలో మూడు దారులున్నాయి. 2వ ఆప్షన్ యూటీసీతో తేడాని సెకన్లలో చెబుతుంది, మనకి 19800. కొన్ని ఐపీ ఫోన్లు ఇంకా దీన్నే చూస్తాయి కాబట్టి వాటికోసం ఉంచు. 2007లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 4833 దీన్ని పక్కన పెట్టి 100, 101 ఇచ్చింది. వేసవిలో గంట జరిపే దేశాల్లో ఎప్పుడు జరపాలో ఉత్త అంకెకి తెలియదు కదా.

100లో రాసేది పోసిక్స్ (యూనిక్స్ రకం సిస్టమ్‌ల ప్రమాణం) పద్ధతి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మనది ఐదున్నర గంటలు ముందు కాబట్టి ప్లస్ పెట్టాలనిపిస్తుంది. పోసిక్స్ లెక్క తిరగబడి ఉంటుంది: స్థానిక టైముకి ఎంత కలిపితే యూటీసీ వస్తుందో అది రాయాలి. అందుకే ఐఎస్‌టీ పక్కన మైనస్ 5:30. ప్లస్ పెట్టావో, గడియారం పదకొండు గంటలు వెనక్కి పోతుంది.

నీకు కావలసింది 101. ఇందులో జోన్ పేరు రాస్తావు: ఆసియా/కోల్‌కతా. విశాఖ కోసమో ఢిల్లీ కోసమో వెతకకు, దేశమంతటికీ ఆ ఒక్క పేరే. (ఐఎస్‌టీకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. మనం దానికి కాస్త తూర్పున ఉన్నాం, సూర్యుడు మూడు నిమిషాలు ముందే నడినెత్తికొస్తాడు. కంప్యూటర్‌కి అది అక్కర్లేదు.) పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకో, చివర ఖాళీ మిగల్చకు. మీ డీహెచ్‌సీపీ సర్వరు డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ అయితే డీహెచ్‌సీపీ-ఆప్షన్ వరసలో 101, కామా, ఆ పేరు, అంతే. విండోస్ సర్వరులో ముందు ప్రీడిఫైన్డ్ ఆప్షన్స్‌లో 101ని స్ట్రింగ్ రకంగా చేర్చి, తర్వాత స్కోపులో (చిరునామాలు పంచే పరిధిలో) టిక్కు పెట్టాలి.

సర్వరు పంపినంత మాత్రాన సరిపోదు, లాప్‌టాప్ అడగాలి. అడిగినా పాటించాలి. నెట్‌వర్కుని సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే ప్రోగ్రామ్ నడిపే లినక్స్‌లో డాట్ నెట్‌వర్క్ ఫైలు తెరిచి, డీహెచ్‌సీపీవీ4 విభాగంలో యూజ్‌టైమ్‌జోన్ అన్నదానికి యెస్ పెట్టు. మామూలుగా అది నో మీదే ఉంటుంది. ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేసిన యంత్రంలో ఆ ఫైలు నెట్‌ప్లాన్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్ రాసింది, రన్ ఫోల్డరులో ఉంటుంది. దాన్నే దిద్దితే రీబూట్‌తో పోతుంది. ఈటీసీ ఫోల్డరు కింద సిస్టమ్‌డీ/నెట్‌వర్క్‌లో అదే ఫైలు పేరుకి చివర డాట్ డీ తగిలించి ఫోల్డరు చేసి, అందులో చిన్న డాట్ కాన్ఫ్ ఫైలు పెట్టు.

విండోస్ లాప్‌టాప్‌లు 101ని పట్టించుకోవు. వాటిలో లొకేషన్ ఆన్ చేసి, టైమ్‌జోన్ ఆటోమేటిక్‌గా పెట్టుకునే మీట వేయించు. లేదా మీ డొమైన్‌లో (ఆఫీసు ఒకేచోటి నుంచి అదుపు చేసే యంత్రాల గుంపులో) ఉన్నవాటికి స్టార్టప్ స్క్రిప్టులో టీజెడ్‌యుటిల్ అనే కమాండ్‌తో జోన్ పెట్టు. అక్కడ పేరు ఇండియా స్టాండర్డ్ టైమ్, కోల్‌కతా కాదు.

సరిగ్గా కుదిరిందో లేదో తెరమీద గడియారం చూసి తేల్చకు. నెట్‌వర్కులో వెళ్లే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌తో, డీహెచ్‌సీపీ మాట్లాడే 67, 68 పోర్టులు వింటూ లీజు (చిరునామా వాడుకునే గడువు) రెన్యూ చెయ్యి. లాప్‌టాప్ పంపే రిక్వెస్టులో, కావలసిన ఆప్షన్ల జాబితాలో 101 ఉందా? లేకపోతే తప్పు లాప్‌టాప్‌ది. ఉండి, సర్వరు తిరిగి పంపే ఏక్ జవాబులో రాకపోతే సర్వరుది. రెండూ ఉండి టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ పాత జోనే చూపిస్తే, ఆ వైఫైని నెట్‌వర్క్‌డీ కాక నెట్‌వర్క్ మేనేజర్ అనే మరో ప్రోగ్రామ్ నడుపుతోందేమో చూడు. పరీక్షకి సింగపూర్ జోన్‌లో ఉన్న యంత్రమే తీసుకో. కొలంబో నుంచి వచ్చినదానితో ఏమీ తెలియదు, అక్కడా ఐదున్నరే.

జోన్ మారాక కూడా అప్పటికే నడుస్తున్న జావా ప్రోగ్రాములు పాత జోన్‌నే పట్టుకుని ఉంటాయి. వేళకి పనులు నడిపే క్రాన్‌ని కూడా రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే రాత్రి బ్యాకప్ వేరే వేళకి నడుస్తుంది. కంటైనర్ల (ఒక యంత్రంలో విడిగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెల) జోన్ వాటిదే, ఇది వాటికి అంటదు.

సర్వర్లకి మాత్రం ఇది పెట్టకు. వాటిని యూటీసీలోనే ఉంచు. రెండు యంత్రాల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు లెక్క తప్పదు. ఆఫీసు లాప్‌టాప్‌లలో కూడా ఆ డాట్ నెట్‌వర్క్ ఫైలు మ్యాచ్ విభాగంలో మీ వైఫై పేరు రాయి. అలా రాయకపోతే బయట ఏ హోటల్ వైఫై ఏ జోన్ చెబితే దానికి మారిపోతుంది.

మొదట రెండు యంత్రాల మీద ఒక రోజంతా నడిపించి చూసి, మిగతావాటికి తర్వాత పెట్టు. టీసీపీడంప్‌లో ఏం కనబడిందో రాయి.

మీ పెదనాన్న