హాస్టల్లో మందు దొరికింది, కాలేజీ మార్చాలా సార్?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు. అబ్బాయి బీటెక్ సెకండియర్, రూమ్‌లో బీరు సీసాలు దొరికి 15 రోజులు సస్పెండ్ అయ్యాడంట. కాలేజీ మార్చాలా, ఇంటి నుంచి పోయొచ్చే కాలేజీలో వెయ్యాలా, లేదా ఈ రెండేళ్లు ఎలాగోలా లాగించి ఎమ్మెస్‌కి అమెరికా పంపేస్తే ఈ దోస్తులు వదిలిపోతారా అని అడిగారు.

సార్, ఈ మెసేజ్ నాకు ప్రతి సెమిస్టర్ వస్తది. మీరడిగేది కాలేజీ గురించి కాదు, "మావాడు చెయ్యి దాటిపోయాడా" అని. లేదు సార్, ఒకసారి దొరికితే దాటిపోయినట్టు కాదు.

కాలేజీ మారిస్తే సిలబస్ తేడా వచ్చి సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు (అక్కడ అయిపోయి, మీవాడు చదవనివి) మీద పడతాయి, వచ్చేది ఏం లేదు. మందు అందని కాలేజీ ఎక్కడుంది? మన రెండు రాష్ట్రాల్లో 21 నిండకుండా అమ్మొద్దని రూల్, కానీ వైన్స్ దగ్గర ఆధార్ అడిగినోణ్ణి నేనైతే చూళ్లేదు. హాస్టల్లో గట్టిగా చెకింగ్ పెడితే పిల్లలు బయట రూమ్ తీసుకుంటారు, అంతే.

అసలు తంటా దాచిపెట్టడం దగ్గరుంది. కాలేజీకి అడ్మిషన్లు తగ్గుతాయని భయం, వార్డెన్‌కి మేనేజ్‌మెంట్ భయం, పిల్లలకి మీ భయం. ఒక కుర్రాడు నాతో చెప్పాడు, రూమ్మేట్ వాంతులు చేసుకుని లేపినా లేవకపోతే 108కి కొట్టకుండా తెల్లార్లూ నోట్లో నిమ్మకాయ నీళ్లు పోస్తూ కూర్చున్నారంట, అంబులెన్స్ వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ పేర్లు రాసుకుంటాడని. స్పృహ లేనోడికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణం పోయేది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలా సాయం కోసం ఫోన్ చేసినోళ్ల మీద తాగినందుకు కేసు పెట్టకుండా చట్టాలున్నాయి. మన దగ్గర నేను చూసినంతవరకు ఫోన్ చేసినోడూ సస్పెండే.

అమెరికా మాటెత్తారు కాబట్టి చెప్తున్నా, అదేం డీ-అడిక్షన్ సెంటర్ కాదు. అక్కడ కూడా రూమ్మేట్స్ మనోళ్లే, వీకెండ్ పార్టీలు మామూలే, అడిగే నాన్న ఉండడు, నెత్తి మీద లోన్ మాత్రం ఉంటది. తాగి కారు నడిపి అరెస్ట్ అయితే కోర్టు తేల్చకముందే స్టూడెంట్ వీసా రద్దు చేసెయ్యొచ్చు. ఈ ముక్క కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. "ఫంక్షన్లలో నేనూ తీసుకుంటా, కానీ లిమిట్" అని మీరే రాశారు, వాడు ఇంటికొచ్చిన రోజు చెయ్యి చేసుకున్నానని కూడా రాశారు. ఆ లిమిట్ ఏంటో వాడికి ఎప్పుడైనా చెప్పారా? రేపు అర్ధరాత్రి వాడికేదైనా అయితే మీకు ఫోన్ చేస్తాడా?

వారానికి ఎన్నిసార్లు తాగుతున్నాడు, ఒక్కడే కూర్చుని తాగుతున్నాడా, పొద్దున్నే కావాల్సొస్తుందా, ఇవి నెమ్మదిగా అడగండి. అలా ఉంటే ఆలస్యం చెయ్యకండి, టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటిదేం లేకపోతే అదే కాలేజీ, అదే బ్రాంచ్, కదిలించొద్దు. ఈలోపు హెచ్‌ఓడీని కలవండి, ఈ 15 రోజులకి అటెండెన్స్ 75 శాతం కిందికి పోతదేమో కనుక్కోండి. వాణ్ణి కూడా తీసుకెళ్లండి, కానీ ఆయన ముందు మాత్రం తిట్టకండి.