కారు సంగతులు: ఫస్టొచ్చిన కారే కొనాలా?

ఈ నెల సంచిలో సగం ఉత్తరాలు లగ్జరీ స్పోర్ట్ సెడాన్ల మీదే, అంటే వెనక డిక్కీ ఉండి, జోరుగా నడపడానికి చేసిన ఖరీదైన కార్ల మీదే. మన విశాఖలో ఇంతమంది బీఎండబ్ల్యూ, బెంజిల లెక్కలు వేసుకుంటున్నారని తెలిసి ముచ్చటేసింది. ఆటోనగర్‌లో కార్ల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి, మాట కాస్త మోటుగా వస్తే సర్దుకోండి.

బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సి క్లాస్, ఆడి ఏ4... వీటిలో ఒకటి తీసుకుందామని మూడు పత్రికల్లో పోలికలు చదివాను. ఒక్కో పత్రిక ఒక్కో కారుకి ఫస్టిచ్చింది. ఎవర్ని నమ్మమంటారు?
*– ఓ డాక్టరు, ఎం.వి.పి. కాలనీ*

ముగ్గురినీ నమ్మండి డాక్టరు గారూ. కాకపోతే వాళ్లు జవాబు చెప్పింది వాళ్ల ప్రశ్నకి, మీ ప్రశ్నకి కాదు.

అమెరికాలో కార్ అండ్ డ్రైవర్ అనే పత్రిక ఉంది. పోలిక పరీక్షలకి వాళ్లు ఏళ్ల తరబడి వాడిన మార్కుల పట్టిక చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. మొత్తం రెండు వందల పైచిలుకు మార్కులు. అందులో వెనక సీటు సుఖానికి 5, వెనక సీటులో జాగాకి 5. నడపడంలో సరదాకి మాత్రం ఏకంగా 25! త్వరణం, మైలేజీ, డిక్కీ సైజు లాంటివి కొలిచి మార్కులు వేస్తారు, వాటితో పేచీ లేదు. స్టీరింగ్ పట్టు, బ్రేకు పెడల్ స్పర్శ, కూర్చున్నప్పుడు హాయి, బయటి అందం, ఇవన్నీ నడిపినవాళ్లు తలో అంకె వేస్తే తీసిన సగటు. ఆ నడిపేవాళ్లు ఎవరు? రోజుకో కారు మారుస్తూ, మలుపు కనబడితే చాలు గేరు దించే మనుషులు. వాళ్లకి సరదా కాకపోతే ఇంకెవరికి సరదా?

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. ఉదయం ఆస్పత్రికి, సాయంత్రం క్లినిక్‌కి, ఆదివారం అమ్మగార్ని తీసుకుని సింహాచలం. ఆవిడ కూర్చునేది ఆ 5 మార్కుల సీట్లోనే కదా. ఒకటో కారుకీ మూడో కారుకీ మధ్య తేడా తరచు కొద్ది మార్కులే ఉంటుంది. అందుకని నేను చెప్పే పని ఒకటి చేయండి. పెన్సిలు తీసుకుని సరదా గడి కొట్టేయండి, వెనక సీటు గడులు రెండింటినీ మూడు రెట్లు చేయండి, మళ్లీ కూడండి. క్రమం తిరగబడితే ఆశ్చర్యపోకండి. పత్రిక వేసిన మొత్తం కంటే మీరు వేసుకున్న ఆ మొత్తమే మీకు పనికొస్తుంది. నన్నడిగితే పోలిక వ్యాసాల్లో అన్నిటికంటే పనికిరాని అంకె చిట్టచివరి మొత్తమే. మనవాళ్లు మాత్రం ముందు దాన్నే చూస్తారు.

ఇంకోటి. మోటార్ ట్రెండ్ అనే మరో అమెరికన్ పత్రిక 1949 నుంచి ‘కార్ ఆఫ్ ది ఇయర్’ బిరుదు ఇస్తోంది. 2018కి ఆల్ఫా రోమియో జూలియాకి, 2019కి జెనిసిస్ జి70కి ఇచ్చింది. రెండూ ఈ తరగతి సెడాన్లే, రెండూ మన షోరూముల్లో దొరకనివే. మీ 3 సిరీస్ మూడో స్థానంలో ఉందంటే దాని ముందున్న రెండూ మనకి కొనుక్కునే వీలున్నవేనా అని మొదట చూసుకోవాలి.

అలాగే పత్రిక తేదీ చూడండి. కార్ అండ్ డ్రైవర్ ఏటా వేసే పది మేటి కార్ల జాబితాలో 3 సిరీస్ 1992 నుంచి 2014 దాకా వరుసగా నిలబడింది. 2015 జాబితాలో లేదు. ఆ తరం కారుకి ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చాక చేతికి రోడ్డు తెలియడం లేదని చాలామంది పరీక్షకులు గోల పెట్టారు. 2018లో ప్యారిస్ షోలో చూపించిన తరవాతి తరం మీద ఆ గోల బాగా తగ్గింది. కాబట్టి ‘3 సిరీస్ స్టీరింగ్ మొద్దు’ అని ఎక్కడైనా చదివితే, అది ఏ తరం బండి గురించో చూడకుండా మనసు పాడుచేసుకోకండి.

సార్, బీఎండబ్ల్యూ ఎం340ఐ 0 నుంచి 100కి 4.4 సెకన్లని కంపెనీ చెబుతోంది. అమెరికన్ పత్రికలు 60 మైళ్లకి నాలుగు సెకన్ల లోపే అంటున్నాయి. అమెరికా వాళ్ల బండికి ఇంజనేమైనా వేరా?
*– ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక*

ఇంజన్ అదే బాబూ, మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే రకం. తేడా గడియారంలో ఉంది.

మొదటి సంగతి, 60 మైళ్లంటే 96.6 కిలోమీటర్లు. 100 దాకా ఇంకా 3.4 మిగిలే ఉంది, ఆ వేగంలో దానికి పదోవంతు సెకన్లు పడతాయి. రెండోది అసలు కిటుకు. అక్కడి పత్రికలు బండి కదిలిన క్షణం నుంచి లెక్కపెట్టవు. డ్రాగ్ రేసు పట్టీ మీద ముందు చక్రం కాంతిరేఖని దాటి ఒక అడుగు ముందుకెళ్లాకే గడియారం మొదలవుతుంది. దాన్ని రోల్అవుట్ అంటారు. ఆ ఒక్క అడుగు లెక్కలోకి రాకపోవడం వల్ల 0.2 నుంచి 0.3 సెకన్లు మిగులుతాయి. అదేం మోసం కాదు, పాత ఆనవాయితీ. కాకపోతే పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పద్ధతిలో తీసినవా అని చూడాలి, అంతే.

మూడోది వాతావరణం. వాళ్లు ఎండ, గాలి ఒత్తిడి లెక్కేసుకుని ఫలితాన్ని ఒక ప్రామాణిక వాతావరణానికి సవరిస్తారు. మన మే నెల మధ్యాహ్నం గాజువాకలో బండికి ఆ సవరణ ఎవరు చేస్తారు? మనం సముద్ర మట్టంలో ఉన్నాం కాబట్టి గాలి ఒత్తిడికి లోటు లేదు, అది లాభమే. కానీ వేడిగాలి పలచన, పైగా ఉక్కపోత. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వేడెక్కితే టర్బో ఇంజన్ తనని తాను కాపాడుకోడానికి బలం తగ్గించుకుంటుంది.

నువ్వు బండ్లని పోల్చుకోవాలంటే మన ఆటోకార్ ఇండియా లాంటి పత్రికలు ఇచ్చే 20–80, 40–100 అంకెలు చూడు. నడుస్తున్న బండిలో యాక్సిలరేటరు నొక్కితే ఎంతసేపట్లో అందుకుంటుందన్నది అది చెబుతుంది. హైవే మీద అనకాపల్లి వైపు వెళ్తూ లారీని దాటాలంటే నీకు కావలసింది అదే. 80–0 బ్రేకింగ్ దూరం కూడా చూడు, దాన్ని ఎవరూ చదవరు. కంపెనీ అంకెల మీద పందేలు కాసి బీచ్ రోడ్డులో పరీక్షించే కుర్రాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పరీక్షల్లో ప్రతి స్పోర్ట్ సెడాన్‌కీ ‘రైడ్ కాస్త గట్టిగా ఉంది’ అని ఒక వాక్యం ఉంటుంది. ఎంత గట్టి? కారు నేనే నడుపుతాను, నాకు నడుం నొప్పి ఉంది. చదివి ఎలా తెలుసుకోవడం?
*– లెక్చరర్, సిరిపురం*

చదివి తెలుసుకోలేమమ్మా. ఒక పత్రిక వాళ్లు జర్మనీలో నున్నటి రోడ్డు మీద, ఇంకొకరు ముంబై గుంతల్లో నడిపి ‘కాస్త గట్టి’ అంటారు. రెండు ‘కాస్త’లూ ఒకటి కావు.

పైగా పరీక్షకి వచ్చే బండి కంపెనీ ఎంచి పంపిన బండి. మెత్తగా, గట్టిగా మార్చుకునే అడాప్టివ్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) దానికి ఉండొచ్చు, మీరు కొనే బండికి ఉండకపోవచ్చు. వ్యాసంలో ‘పరీక్షించిన బండి వివరాలు’ అని చిన్న అక్షరాల్లో ఓ పెట్టె ఉంటుంది. రైడ్ గురించి రాసిన పేరా కంటే ముందు ఆ పెట్టె చదవండి.

షోరూముకి వెళ్లినప్పుడు ఒకసారి టైరు పక్కన వంగి చూడండి. సేల్స్ కుర్రాడు ఏమనుకున్నా ఫరవాలేదు. టైరు గోడ మీద చిన్న నక్షత్రం గుర్తుంటే అది బీఎండబ్ల్యూ కోసం తయారైన టైరు. ‘ఎం.ఓ.’ అని ఉంటే మెర్సిడెస్, ‘ఏ.ఓ.’ అని ఉంటే ఆడి. అక్కడే ‘ఆర్.ఎఫ్.టి.’ అనో ‘రన్‌ఫ్లాట్’ అనో కనబడిందంటే పంక్చరైనా కొంతదూరం నడిచే రకం. గాలి పోయినా బండి బరువు మోయాలి కాబట్టి దాని గోడ మందంగా, బిరుసుగా ఉంటుంది. ఆ బిరుసే మీ నడుముకి చేరుతుంది. ఆ తర్వాత సైజు చూడండి. 225/45 ఆర్ 18 లాంటి దాంట్లో మధ్య అంకె టైరు గోడ ఎత్తు, టైరు వెడల్పులో నూటికి ఎన్ని వంతులో చెబుతుంది. 45 కంటే 50 మెత్తన, 40 అంటే గోడ మరీ పొట్టి. రిమ్ము ఎంత పెద్దదైతే ఫోటోలో అంత అందం, గుంతలో అంత బాధ.

టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లు తీసుకెళ్లే దారి వద్దనండి. ఎప్పుడూ రుషికొండ వైపు నున్నటి రోడ్డు మీదికే తిప్పుతారు. మీరు రోజూ వెళ్లే దారిలో పోనివ్వమనండి. మీ వీధిలో స్పీడ్ బ్రేకరు, ఎన్.ఏ.డి. దగ్గర రద్దీ, కాలేజీలో పార్కింగు, అన్నీ అందులో రావాలి. ఆగి దిగేటప్పుడు నడుం ఏమంటోందో గమనించండి. ఈ తరగతి కార్లలో సీటు కిందికి ఉంటుంది, దిగడం కూడా ఓ పరీక్షే.

ఏటండీ ఈ పత్రికలోళ్ల గోల? కంపెనీలు డబ్బులిచ్చి రాయించుకుంటాయని మావోళ్లంతా అంటన్నారు. నిజమేనా?
*– పెందుర్తి నుంచి ఒకరు*

కవర్లో పెట్టి ఇస్తారనుకోవడం సినిమా లెక్క. ప్రకటనలు ఉంటాయి, విమానం టికెట్టు పెట్టి స్పెయిన్‌లో కొత్త కారు నడపడానికి పిలుపులుంటాయి, వచ్చే నెల పరీక్షకి బండి ఇస్తారా ఇవ్వరా అన్న బెంగా ఉంటుంది. ఇవన్నీ తిట్టే చోట మాటని కాస్త మెత్తబరుస్తాయి. అందుకే నేను పొగడ్తలు వదిలేసి, ‘అయితే’, ‘కాకపోతే’ అని మొదలయ్యే వాక్యాల కింద గీత గీసుకుంటాను. అంత మొహమాటంలోనూ రాశారంటే లోపం నిజంగా ఉన్నట్టే.

ఈ తిప్పలేవీ లేని పత్రిక అమెరికాలో ఒకటుంది, 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్. ప్రకటనలు వేసుకోదు, మామూలు ఖాతాదారులా షోరూముకెళ్లి డబ్బు కట్టి కారు కొంటుంది, కనెక్టికట్‌లో సొంత ట్రాక్ మీద నడుపుతుంది. సభ్యుల సొంత కార్లు ఎంత రిపేరుకొచ్చాయో అడిగి ఆ లెక్కనీ మార్కుల్లో కలుపుతుంది. అందుకే వేరే చోట ఫస్టొచ్చిన స్పోర్ట్ సెడాన్ అక్కడ కిందికి జారడం మామూలే. కాకపోతే ఆ సభ్యులది అమెరికా రోడ్లు, అమెరికా పెట్రోలు. మన దుమ్ముకి అది వర్తించదు.

వెనక సీటు కోసమే కొంటే 3 సిరీస్ దండగా? డ్రైవరు నడుపుతాడు.
*– వ్యాపారి, ద్వారకానగర్*

మామూలు 3 సిరీస్ అయితే ఆలోచించాలి. మన దేశానికి 2021లో గ్రాన్ లిమోసిన్ అని పొడుగు రకం తెచ్చారు, చక్రాల మధ్య దూరం 110 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ తేడా అంతా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకే. విదేశీ పత్రికల పోలికల్లో ఈ పొడుగు బండి సాధారణంగా కనబడదు కాబట్టి వాళ్ల ర్యాంకులు మీకు అక్కర్లేదు. మీ డ్రైవరుకి మాత్రం సరదా 25కి 25.

మాది భీమిలిలో సముద్రం ఒడ్డునే ఇల్లు. ఏ పరీక్షలోనూ ఉప్పుగాలి ఊసే ఎత్తరేం?
*– పేరు వద్దన్నారు*

పరీక్ష బండి వాళ్ల దగ్గర ఉండేది కొద్దిరోజులు, ఉప్పు తన పని చూపించేది ఏళ్ల మీద. బ్రేకు డిస్కుల మీద పొద్దున్నే కనబడే ఎర్రటి పొరకి కంగారు పడకండి, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. ఏసీ కండెన్సర్ రేకులూ, అల్లాయ్ చక్రాల అంచులూ, అడుగున బోల్టులూ, వీటిని కనిపెట్టుకుని ఉండాలి. వారానికోసారి మంచినీళ్లతో అడుగు భాగం కడిగించండి. కడిగేవాడు పైపైన తుడిచి పంపేస్తాడు, దగ్గరుండి చూడండి. అండర్‌బాడీ కోటింగ్ వేయిస్తే తలుపుల అడుగున, సిల్ (తలుపు కింది గడప) కింద ఉండే నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దని ముందే చెప్పండి. అవి మూసుకుపోతే ఉప్పునీళ్లు లోపలే నిలిచి రేకుని లోపల్నుంచి తినేస్తాయి, బయటికి కనబడేసరికి తలుపు మార్చాల్సి వస్తుంది.