మోటారు మాత్రం పెట్టకు

అమ్మడూ,

సముద్రం పక్కన చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకు పైకి కోపం, లోపల గర్వం. నీ వయసులో నేనూ అలాగే వెళ్లి ఆరేళ్లు ఉన్నవాణ్ణే, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?

చిన్న సంగతులు ముందే చెప్పేస్తా. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. గడియలు, బందులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొను, అందులోనూ 316 రకం అడుగు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా పైదాకా వస్తుంది. ఒక్కదానివే ఈతకి దిగకు. అలలు విరగకుండా నున్నగా ఉన్న చోటు చూసి కొత్తవాళ్లు అదే సేఫ్ అనుకుంటారు. లోపలికి లాక్కుపోయే ప్రవాహం చాలాసార్లు అక్కడే ఉంటుంది. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలు ఏరుకుంటూ నిలబడకు, మెట్ట మీదికి పరుగెత్తు. 2004 డిసెంబరు 26న ఆ వింత చూస్తూ ఉండిపోయినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు.

మీ నాన్న భయమంతా అలల గురించే. నా భయం వేరు. పెరట్లో బావి ఉందని వాడన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

నాదీ ఇసుకలో తవ్విన బావే. చెయ్యి చాపితే అందుతాయా అన్నట్టుండేవి నీళ్లు, తియ్యగా. ఊరంతా చేదతో తోడుకునేవారు. నేను చదువుకున్నవాణ్ణి కదా! మోటారు దించాను, పైన ట్యాంకు కట్టించాను, పెరడంతా పచ్చగడ్డి పరిచాను. పక్కింటి పెద్దావిడ గోడ దగ్గరికొచ్చి, "నిదానంగా తోడుకో బాబూ, కింద ఉప్పు ఉంది" అంది. నవ్వి ఊరుకున్నాను.

ఆవిడన్నది అక్షరాలా నిజమని తర్వాత చదివాను. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాలమీద మీగడలా వాననీరు కింది సముద్రపు నీటిమీద తేలుతుంది. సముద్రమట్టం కన్నా అడుగు పైకి మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మందం ఉంటుందని లెక్క. అంటే పైన ఒక్క అడుగు పడిపోయి అలాగే ఉండిపోతే, కింద ఉప్పు 40 అడుగులు పైకి రావచ్చు. మోటారు ఒకేచోట లాగితే సరిగ్గా దాని కిందే కుప్పలా లేస్తుంది.

రెండో వేసవిలో సబ్బు నురగ తగ్గింది. ఆకుల అంచులు కాలినట్టు ఎండాయి. ఎండ అనుకున్నాను, మూర్ఖుణ్ణి. ఒకరోజు పొద్దున్నే కిటికీలోంచి చూస్తే, పక్కింటావిడ చేద పైకి లాగి, దోసిట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. చేదలో మిగిలింది చెట్టు మొదట్లో ఒంపింది. నా ఇంటివైపు చూడలేదు. బిందె చంకనెత్తుకుని ఊరి ఆ చివర బావికి నడిచింది.

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే మోటారు పీకించాను. నా బావి కాస్త తేరుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది, ఆవిడ బావి నేనున్నన్నాళ్లూ పాత రుచికి రాలేదు. ఊరు వదిలేదాకా రోజూ రెండు బిందెలు మోసి ఆవిడ గుమ్మంలో పెట్టాను. వద్దనలేదు, మాటా కలపలేదు.

అందుకని తల్లీ, చేదతోనే తోడుకో. కప్పు మీద వాన పట్టుకో. మరుగుదొడ్డి గుంత బావికి దూరంగా ఉందో లేదో చూడు, ఇసుకలో మురికి తొందరగా దిగుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపే టీడీఎస్ మీటర్ ఒకటి కొని నెలకోసారి అంకె రాసిపెట్టు. పెరుగుతుంటే ఆ నెల తోడకం తగ్గించు. పక్కింటివాళ్ల బావి అంకె కూడా రాయి, వాళ్లనడిగే రాయి.

వానలు వెలిశాక వస్తాను. రెండు బిందెలు నేనే తోడతాను. నడుం నొప్పి సంగతి మీ నాన్నకి చెప్పకు.

పెదనాన్న