అత్తగారి స్నానం ముప్పావు గంట

ప్రశ్న: మాది విజయనగరం. నేను బ్యాంకులో, మావారు కాలేజీలో పనిచేస్తాం. మామగారు పోయాక, ఏడాది క్రితం అత్తగారిని బూర్జ దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి తీసుకొచ్చాం. ఆమెకు 63 ఏళ్లు. మంచి మనిషి. కానీ పొద్దున్న ఏడింటికి స్నానానికి వెళితే ముప్పావు గంటకు గానీ బయటికి రారు. షవర్ పడుతూనే ఉంటుంది. ఉన్నది ఒకటే స్నానాలగది. బాబుకు బడి, నాకు ఆఫీసు. పై వాటాలో ఉండే ఇంటివారు నీళ్ల గురించి రెండుసార్లు అన్నారు. మావారేమో 'అమ్మను ఏమీ అనకు' అంటారు. ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, చెప్పాల్సిందే. వేళ గురించి చెప్పండి, నీళ్ల గురించి చెప్పండి. ఆ స్నానం జోలికి మాత్రం వెళ్లకండి.

నాగావళి ఒడ్డు పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్లు ఎలా స్నానం చేసేవారో మీ అత్తగారినే అడగండి. ఏట్లో అయితే కట్టుకున్న చీరతోనే మునగాలి. ఇంట్లో అయితే పెరట్లో తాటాకు దడి చాటున. నూతిలోంచి తోడి, పొయ్యి మీద కాచిన నీళ్లు ముందు ఇంటి పెద్దలకు, తర్వాత భర్తకు, ఆపైన పిల్లలకు. తన వంతు వచ్చేసరికి కాగు అడుగున రెండు చెంబులు మిగిలితే అదృష్టం. అవి పోసుకుంటుండగానే ఎవరో ఒకరు పిలుస్తారు. తీరిగ్గా తలంటుకోవడమంటే భోగికీ దీపావళికే. అలా బతికిన మనిషికి అరవై దాటాక గడియ పడే తలుపు, తిప్పగానే వచ్చే వేడినీళ్లు దొరికాయి. మెడ మీద, భుజాల మీద వెచ్చటి నీళ్లు పడుతుంటే కళ్లు మూసుకుని నిలబడటం ఎంత హాయో ఆమెకు ఇప్పుడు తెలుస్తోంది. భర్త పోయిన ఏడాదిలో ఆమెకంటూ దక్కిన సుఖం ఇదొక్కటేనేమో. దాన్ని లాగేసుకోవద్దు.

ఇంటివారి మాటలోనూ న్యాయముంది. మామూలు షవర్ నుంచి నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పడతాయి. ముప్పావు గంట ఆపకుండా వదిలితే దాదాపు 400 లీటర్లు. పైగా 15, 25 లీటర్ల గీజరులో వేడినీళ్లు పది నిమిషాలు కూడా రావు. అంటే ఆమె చాలాసేపు చన్నీళ్ల కిందే నిలబడుతున్నారు! రెండు బకెట్ల వేడినీళ్లు, ఒక చెంబు, కూర్చోవడానికి ఎత్తు పీట పెడితే 40 లీటర్లతో అరగంట హాయిగా గడుస్తుంది.

పొద్దున్నే దీపం పెట్టే అలవాటుంటే స్నానం మానమని చెప్పలేం. అది ఆరు లోపు, క్లుప్తంగా. అసలు స్నానం రాత్రి ఎనిమిదింటికి. పడుకునే ముందు గంటా రెండు గంటల మధ్య వేడినీళ్లు పోసుకుంటే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లోని వేడి బయటికి పోతుంది, ఒళ్లు చల్లబడి నిద్ర త్వరగా పడుతుంది. 'అత్తయ్యా, పొద్దున్న మా హడావిడిలో మీకు తీరిక దొరకడం లేదు. రాత్రి ఎనిమిది నుంచి గది మీదే, ఎవరం తలుపు కొట్టం' అనండి. మొదటి ఆదివారం మీరే కుంకుడుకాయలు నానబెట్టి, ఆమె వీపుకు నూనె రాయండి. మామగారు పోయాక ఆ వీపు మీద ఎవరైనా చెయ్యి వేశారా?

జాగ్రత్త కూడా ముఖ్యం. ఎక్కువసేపు వేడినీళ్లలో ఉంటే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. అందుకే నీళ్లు మరీ వేడిగా వద్దు. గడియ బదులు తలుపు దగ్గరగా వేసుకోమనండి, కింద జారని పట్టా పరవండి, ఆమె లోపలికి వెళ్లేలోపు గీజరు స్విచ్ ఆపేయండి.

బయటికి వచ్చేటప్పుడు ఆమె కళ్లు వాచి ఉంటున్నాయా? తిండి, నిద్ర తగ్గాయా? అలాగైతే అది దుఃఖం. పక్కన కూర్చుని మామగారి గురించి మాట్లాడనివ్వండి. అప్పటికీ తేరుకోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు, ఖర్చు ఉండదు.

ఇక మీవారి సంగతి. 'ఏమీ అనకు' అని ఆయన తప్పుకుంటే భారమంతా మీ నెత్తిన పడుతుంది. పై వాటావారితో మాట్లాడటం, రోజూ రాత్రి ఆ రెండు బకెట్లు నింపి పెట్టడం ఆయనకు అప్పజెప్పండి.