మొదటి పట్టు ఇంట్లోనే తేలిపోవాలి

పాఠకుల ప్రశ్నలు: ఈసారి జియు జిట్సు (పట్టు పట్టి ప్రత్యర్థిని లొంగదీసుకునే కుస్తీ లాంటి ఆట) పోటీలు

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై ఏడేళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పద్నాలుగు నెలలుగా బ్రెజిలియన్ జియు జిట్సు నేర్చుకుంటున్నాను, ఇంకా తెల్ల బెల్టే. ఐదు వారాల్లో నా మొదటి టోర్నీ. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిట్సు సమాఖ్య) నియమాల ప్రకారం జరుగుతుందని చెప్పారు. క్లబ్బులో తోటివాళ్లతో బాగానే తలపడతాను. మొన్న మాలో మాకే పోటీ పెడితే మాత్రం రెఫరీ మొదలుపెట్టమనగానే ఏమీ తోచలేదు. నేర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. నిమిషం తిరిగేసరికి చేతులు కొయ్యబారిపోయాయి. నా బరువు 78 కిలోలు. తగ్గి 76 కిలోల విభాగంలో ఆడాలని ఉంది. మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ ఉత్తరంలో ‘చేతులు కొయ్యబారిపోయాయి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా వారి ఉద్యోగం కోసం అబుధాబిలో ఉన్న రోజుల్లో నేను ఈ విద్య మొదలుపెట్టాను. అంతకుముందు కాలేజీలో జూడో ఆడినదాన్ని కాబట్టి పోటీలంటే భయం లేదనుకున్నాను. మొదటి పోటీలో ఎదుటి అమ్మాయి కాలరు దొరకగానే పట్టుకున్నాను, ఇక వదలలేదు. ఐదు నిమిషాలూ అదే పట్టు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయి బయటికి వచ్చి నీళ్ల సీసా మూత తిప్పబోతే వేళ్లు మాట వినలేదు. పక్కన కూర్చున్న చిన్నపాప తీసి ఇచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆట మొత్తం మళ్లీ గుర్తు చేసుకున్నాను. కాలరు పట్టుకున్నాక ఏమి చేయాలో నేను ఎప్పుడూ అనుకోలేదని అప్పుడు తెలిసింది. ఏమి చేయాలో తెలియని చెయ్యి ఉన్నదాన్నే గట్టిగా పిసుకుతుంది. అలా ఆపకుండా పిసికితే ముంజేతి కండరాలకు రక్తం సరిగా అందదు. నిమిషంలో అవి మొద్దుబారతాయి. మీకు జరిగిందీ అదేనని నా నమ్మకం. మీరు పిరికివారు కాదు. ఐదు నిమిషాల్లో తీసుకోవలసిన నిర్ణయాలన్నీ మ్యాట్ మీదే తీసుకుందామని వెళ్లారు. గుండె దడదడలాడుతున్నప్పుడు ఎవరికీ నిర్ణయాలు తోచవు. వాటిలో వీలైనన్ని ఈ ఐదు వారాల్లో ఇంట్లోనే తీసుకోండి.

మొదట మొదటి పట్టు. కుడిచేత్తో కాలరా, ఎడమచేత్తో చొక్కా చెయ్యా? ఏదైనా ఒకటే ఉండాలి. జూడో, కుస్తీ అలవాటు లేకపోతే నిలబడి పడగొట్టే ప్రయత్నం కన్నా, పట్టు దొరికాక కూర్చుని గార్డ్‌లోకి, అంటే కింద ఉండి కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకునే స్థితిలోకి, లాగడం మీకు మేలు. దానికి పాయింట్లు రావు, పోవు. కానీ పట్టు లేకుండా కూర్చుంటే శిక్ష పడుతుంది. తెల్ల బెల్టువాళ్లు ఎగిరి ఎదుటివాడి నడుముకు కాళ్లు చుట్టడం నిషేధం. ఈ రెండూ తెలియక మొదటి పది సెకన్లలోనే నష్టపోయినవాళ్లను చూశాను.

తరువాత గొలుసు. నా శిష్యులందరికీ నేను ఇచ్చేది ఇదే: కాలరు, చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోవడం, మోకాలు అడ్డం పెట్టి కత్తెర స్వీప్, అక్కడి నుంచి నేరుగా మౌంట్. కింద ఉన్నవాళ్లు ఎదుటివాణ్ణి తిప్పేసి పైకి రావడాన్ని స్వీప్ అంటారు, దానికి 2 పాయింట్లు. ఛాతీ మీద కూర్చునే మౌంట్‌కు 4. మూడు సెకన్లు స్థిరంగా నిలబెట్టుకుంటే మొత్తం 6. పడగొడితే 2, పొట్ట మీద మోకాలు పెడితే 2, కాళ్లను దాటి పక్కకు వెళితే 3, వెనక నుంచి చుట్టుకుంటే 4. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. నిజంగా కొట్లాట జరిగితే ఎవరికి ఎంత పైచెయ్యి ఉంటుందో ఆ లెక్కనే ఇవి పెరుగుతాయి. కాబట్టి పాయింట్ల పట్టికను బట్టీ పట్టకండి. మీ గొలుసులోని ప్రతి మెట్టు పక్కన దాని అంకె రాసుకుని గోడకు అంటించండి. పళ్లు తోముకునేటప్పుడు కంటపడాలి.

ఎదుటివాడు స్వీప్‌ను అడ్డుకుంటే? దానికి ఒకే ఒక్క మారు దారి చాలు. నేల మీద ఉన్న రెండో కాలితో అతని మోకాలిని వెనక్కి తన్ని, అదే వైపుకు తిప్పేయండి. మూడో దారి వద్దు. పోటీలో మూడో దారి ఎంచుకునే తీరిక నాకైతే ఇంతవరకు దొరకలేదు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. తెల్ల బెల్టు పోటీల్లో భయమంతా ‘కింద పడితే’ అన్న చోటే ఉంటుంది. అందుకని వారానికి రెండు రోజులు సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి. మీ మీద ఒకరు మౌంట్‌లో కూర్చోవాలి, గడియారంలో ఒక నిమిషం ఉండాలి, మీరు 0–4 వెనకబడి ఉండాలి. పదిసార్లు. మరో రోజు వెన్ను చిక్కినట్టు. మొదటి వారం పదిలో ఎనిమిదిసార్లు బయటపడలేకపోవచ్చు, పరవాలేదు. మూడో వారానికి ఒంటికి ఒక విషయం తెలిసిపోతుంది: అక్కడ ఊపిరి ఆడుతుంది, ఆలోచన ఆడుతుంది, బయటికి దారి ఉంది. ఆ నమ్మకం మంచి మాటలు వింటే రాదు. నేను చాలా పుస్తకాలు చదివి, కళ్లు మూసుకుని విజయాన్ని ఊహించుకుని కూడా చూశాను. నాకు పనికొచ్చింది మాత్రం ఈ చెడ్డచోటి సాధనే.

నాలుగో వారంలో ఒకరోజు, కుదిరితే పోటీ జరిగే వేళకే, మీకు పరిచయం లేనివాళ్లతో మూడు ఆటలు ఆడండి. వేరే క్లబ్బుకు వెళ్లి అడగండి, చాలామంది సంతోషంగా రానిస్తారు. ఒక్కో ఆట ఐదు నిమిషాలు. పెద్దల విభాగంలో తెల్ల బెల్టుకు సమయం అంతే. ఆట ఆటకూ మధ్య ఇరవై నిమిషాలు కూర్చోండి. కూర్చోవడం కూడా సాధనే. ఒళ్లు చల్లబడి, మళ్లీ లేవాలనిపించని ఆ ఇరవై నిమిషాలు మీకు ముందే పరిచయం కావాలి. చివరి వారం సగం సాధన చాలు. ఆ వారం ఎవరు ఎంత మంచి కొత్త పట్టు చూపించినా చేతులు కట్టుకుని చూడండి, నేర్చుకోకండి.

బరువు సంగతి. 76 కిలోల ఆశ వదులుకోండి. ఆ నియమాల్లో తూకం మొదటి ఆటకు ముందు, గి (ఈ ఆటకు వేసుకునే మందపాటి చొక్కా, ప్యాంటు) తొడుక్కునే. ఒక్కటే అవకాశం, ఎక్కువ తూగితే అక్కడితో సరి. గి, బెల్టు కలిపి కిలోన్నర నుంచి రెండు కిలోలు ఉంటాయి. అంటే మీరు 74కు దిగాలి. తూకం అయ్యాక తిని తేరుకునే వ్యవధి ఉండదు. మొదటి పోటీకి ఆకలితో, దాహంతో వెళ్లడం మీకు మీరు చేసుకునే అన్యాయం. 82.3 కిలోల విభాగంలో హాయిగా పెరుగన్నం తిని ఆడండి.

ఇక ఆ రోజు. నోరు పిడచకట్టుకుపోతుంది, వేళ్లు వణుకుతాయి, పదే పదే బాత్రూముకు వెళ్లాలనిపిస్తుంది. ఒళ్లు పోరుకు సిద్ధమవుతోందని దానికి అర్థం. ఆపడానికి ప్రయత్నించకండి. పిలుపు రావడానికి పావుగంట ముందు, ఒక్కసారి బాగా రొప్పు వచ్చేదాకా ఒంటికి పని చెప్పండి. ఆ మొదటి రొప్పు మ్యాట్ బయట వచ్చిపోతే లోపల చేతులు అంత త్వరగా బిగుసుకోవు. తరువాత ముక్కుతో పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు నోటితో వదలండి, పదిసార్లు. నేను బెల్టు ముడి విప్పి మళ్లీ కట్టుకుంటాను. రెండు కొనలూ సమానంగా వచ్చాయా అని చూసుకుని, నా మొదటి పట్టు పేరు మెల్లగా పైకి అంటాను. ‘కాలరు, చెయ్యి, కూర్చో.’ అంతే. గెలుపు గురించి ఆ క్షణంలో ఏమీ అనుకోను.

గోళ్లు ముందు రోజే తీసుకోండి. గి తెల్లది, నీలం లేదా నలుపు అయి ఉండాలి. వీలైతే రెండోది సంచిలో ఉంచండి. ప్రత్యర్థి ఎవరో తెలిశాక అతని వీడియోల కోసం వెతకవద్దు. పక్కన నిలబడే మీ కోచ్‌కు ఒక్క పని అప్పజెప్పండి: మిగిలిన సమయం, పాయింట్లు చెప్పడం. ఆ గోలలో మీ చెవికి అంతకన్నా ఎక్కువ ఎక్కదు.

ప్రశ్న: అమ్మా, మేము అబుధాబిలో ఉంటాం. మా అమ్మాయికి పదేళ్లు. బడిలోనే జియు జిట్సు నేర్పుతారు, ఎంతో ఇష్టంగా వెళుతుంది. పోటీ రోజు ఉదయం మాత్రం ఏమీ తినదు, ఏడుస్తుంది. ఆడాక మామూలైపోతుంది. వాళ్ల నాన్నగారు ‘ఓడిపోకూడదు, ట్యాప్ చేయకూడదు’ అని దారిపొడవునా చెబుతుంటారు. పంపించడం తప్పా?
– ఒక తల్లి

జవాబు: తప్పు కాదమ్మా. ఆడాక మామూలైపోతోందన్నారు, అది మంచి గుర్తు. ఆట అయ్యాక కూడా రెండు రోజులు ముభావంగా ఉంటే అప్పుడు కొన్నాళ్లు ఆపాలి. తినకపోతే బలవంతం చేయకండి. మూడు గంటల ముందు లేపి ఒక ఇడ్లీ, దారిలో సగం అరటిపండు. చాలు.

మీ వారితో మాత్రం మాట్లాడాలి. ట్యాప్ అంటే చేత్తో రెండుసార్లు తట్టి ‘చాలు’ అని చెప్పడం. ఈ విద్య మొదలైన రోజు నుంచి పిల్లలను కాపాడుతున్నది అదే. 1951లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా, బ్రెజిల్‌కు చెందిన హెలియో గ్రేసీ చేతిని మెలిపెట్టి విరిచాడని చెబుతారు. హెలియో ట్యాప్ చేయలేదు, పక్కనున్నవాళ్లు తువ్వాలు విసిరి ఆపించారు. ఆ పట్టుకు ఈనాటికీ కిమురా అనే పేరు. ఆ కథను చాలామంది గర్వంగా చెబుతారు. నేను పిల్లలకు చెప్పను. అది పెద్దవాడు తనకోసం తీసుకున్న నిర్ణయం, పదేళ్ల పాప మోచేతికి అది పనికిరాదు. ‘ట్యాప్ చేయకు’ అని నాన్న చెబితే ఆ పాప నొప్పిని దాచడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మ్యాట్ దగ్గరే ఆగుతుందని నేను అనుకోను.

కారులో పోటీ ఊసే వద్దు, పాటలు పెట్టుకోండి. ఆడి వచ్చాక ‘గెలిచావా’ అని అడగవద్దు, ఎలాగూ మీరు చూసే ఉంటారు. ‘ఈ రోజు నువ్వు అనుకున్న పట్టు దొరికిందా?’ అని అడగండి. మా అమ్మాయి దగ్గర నేను ఈ ప్రశ్న మొదలుపెట్టిన రెండో పోటీ నుంచి తనే మ్యాట్ దిగి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పేది. ఓడిపోయిన రోజు కూడా.

ప్రశ్న: నమస్కారం. డాలస్‌లో ఉంటాను. నలభై ఒకటేళ్లు, నీలం బెల్టు. గత మూడు పోటీల్లో రెండు పాయింట్లు ముందుండి, చివరి నిమిషంలో ఓడిపోయాను. కారణం ఓపిక తగ్గడమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఓపిక కొంత కారణం. అంతకన్నా, ముందున్నామని తెలిసిన క్షణం నుంచి మీరు ఆడటం మానేసి కాపలా కాస్తున్నారని నాకు అనిపిస్తోంది. స్వీప్ చేసి పైకి వచ్చాక అక్కడే అతుక్కుపోయి ఉంటారు. రెఫరీ దాన్ని కాలయాపన కింద లెక్కిస్తాడు. మొదటిసారి శిక్ష మాత్రమే, రెండోసారికి ప్రత్యర్థికి ఒక అడ్వాంటేజ్ (పాయింటు కన్నా చిన్న ఆధిక్యం), మూడోసారికి 2 పాయింట్లు, నాలుగోసారి అనర్హత. అంటే కదలకుండా కూర్చుని సంపాదించిన 2 పోగొట్టుకోవచ్చు. పాయింట్లు సమానమైతే అడ్వాంటేజ్‌లు, అవీ సమానమైతే శిక్షలు లెక్కకు వస్తాయని కూడా గుర్తుంచుకోండి.

పైన ఉన్నప్పుడు గార్డ్ దాటే ప్రయత్నం ఆపకండి. దాటలేకపోయినా, దాటబోతున్న మనిషిని స్వీప్ చేయడం కష్టం, ఎదుటివాడి చేతులు అడ్డుకోవడానికే సరిపోతాయి. మీ వయోవిభాగంలో ఆట ఐదు నిమిషాలే. క్లబ్బులో ప్రతి సాధన చివర, అందరూ అలసిపోయాక, ఒక్క నిమిషం ఆట పెట్టుకోండి. 2–0 మీరు ముందు. మీకన్నా పదేళ్లు చిన్నవాణ్ణి ఎంచుకోండి. నెల రోజులు చేసి, ఎన్నిసార్లు నిలబెట్టుకున్నారో తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఓడిన ప్రతిసారీ పక్కనే ఏ చెయ్యి ముందు వదిలారో కూడా రాయండి. పేజీ నిండాక నాకు పంపండి, ఇద్దరం కలిసి చూద్దాం.