నమాజులో మోకాళ్ల నొప్పా? కుర్చీ వేసుకునే ముందు ఇవి చూడండి

ప్రశ్న: నా వయసు 54. ఐదు పూటలా నమాజ్ చేస్తాను. కొన్ని నెలలుగా సజ్దా (నుదురు నేలకు ఆనించే భంగిమ) నుంచి లేస్తుంటే మోకాలి చిప్ప దగ్గర పొడిచినట్టు ఉంటోంది. రుకూలో (ముందుకు వంగి మోకాళ్లు పట్టుకునే భంగిమలో) నడుము పట్టేస్తోంది. కూర్చుని చదివే అత్తహియాత్ పూర్తయ్యేసరికి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇక కుర్చీలోనే చేసుకోవాలా?

జవాబు: అప్పుడే కుర్చీ దాకా వెళ్లకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అసలు ఇబ్బంది దిగేటప్పుడు, లేచేటప్పుడే వస్తున్నట్టుంది. రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులే, అంటే నమాజు ఆవృత్తులే 17, ఒక్కోదానికి రెండు చొప్పున 34 సజ్దాలు, అదనంగా చేసే సున్నత్‌లు, నఫిల్‌లు కలిపితే ఇంకా ఎక్కువ. దిగిన ప్రతిసారీ మోకాళ్లు ధబ్బున నేలకు తగిలితే చిప్ప వెనకున్న మృదులాస్థి ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? ముందు మోకాళ్లు ఆనించాలా, చేతులు ఆనించాలా అన్నదాంట్లో పండితుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి కాబట్టి, నొప్పి ఉన్నన్నాళ్లు మీరు చేతులు ముందు ఆనించండి. లేచేటప్పుడు కూడా ఒక మోకాలి మీద భారమేసి పక్కకు తిరుగుతూ లేవకండి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, కాలివేళ్లు మడిచి, తొడల బలంతో లేవండి.

రుకూలో చాలామంది నడుమును విల్లులా వంచేస్తారు, పట్టేసేది అందుకే. వంగాల్సింది తుంటి దగ్గర. వీపు మీద నీళ్లు పోసినా నిలిచేంత సమంగా ఉండాలని పెద్దలు చెప్పే మాట వైద్యపరంగానూ సరైనదే. వేళ్లు విడదీసి మోకాళ్లను పట్టుకోండి, తల వీపుతో సమంగా ఉంచండి. నడుము మరీ పట్టేస్తుంటే మోకాళ్లు కాస్త సడలించండి. ఒకసారి అద్దానికి పక్కగా నిలబడి చూసుకుంటే మీ వీపు ఎక్కడ గుండ్రంగా అవుతోందో మీకే తెలిసిపోతుంది.

సజ్దాలో ముక్కుతో కలిపి నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు ఆనాలి. భారమంతా తల మీద వేస్తే మాత్రం మెడ నొప్పి ఖాయం, అరచేతులు కూడా బరువు పంచుకోవాలి.

ఇక తిమ్మిరి. మడమల మీద కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతాయి. పిక్కకూ తొడకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. పాదాలు కుడివైపు తీసి తుంటి మీద కూర్చునే పద్ధతి కూడా ఉంది, ఏది హాయిగా ఉంటే అది. కూర్చోనప్పుడు కూడా తిమ్మిరి ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, మెట్లు దిగడం కష్టమైనా ఎముకల డాక్టర్‌కు చూపించండి. అప్పుడు కుర్చీ అవసరం కావచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. పైల్స్‌తో బాధపడుతున్న సహచరుడికి నిలబడి చెయ్యి, కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని చెయ్యమని ప్రవక్త చెప్పినట్టు హదీసులో ఉంది. నిలబడగలిగితే ఖియాం (నిలబడి చేసే భాగం) వరకు నిలబడే చేయొచ్చా అన్నది ఆలింను (మత పండితుణ్ణి) అడగండి, మోకాలి సంగతైతే నిలబడటం మంచిదే, తొడ కండరాలు బలంగా ఉంటాయి. కుర్చీ కదలనిదై ఉండాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి.

బీపీ మాత్రలు వాడుతుంటే సజ్దా నుంచి ఒక్కసారిగా నిలబడకండి, కళ్లు తిరగొచ్చు. గ్లకోమా ఉన్నా, కంటి ఆపరేషన్ అయినా తల ఎంతసేపు కిందికి వంచవచ్చో కంటి డాక్టర్‌ను అడిగాకే సజ్దా చేయండి.