మానిటర్ మార్చినప్పుడల్లా వర్చువల్ మెషీన్‌లో అక్షరాలు ఎందుకు చెడిపోతున్నాయి?

మీరు అడిగింది ఇదీ: విండోస్ లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రామ్), అందులో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్). ఇంట్లో 4కే మానిటర్‌కి తగిలిస్తే అక్షరాలు చీమ తలకాయలు. కేబుల్ పీకి లాప్‌టాప్ తెర మీద చూస్తే మసక. ఆఫీసు మానిటర్ దగ్గర అన్నీ బండగా, పెద్దగా. ఇదే బాధ నేనూ దాదాపు మూడు నెలలు పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

నాది 14 అంగుళాల లాప్‌టాప్, 1920×1080 పిక్సెళ్లు, విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాల్నీ బొమ్మల్నీ పెద్దవి చేసి చూపించడం) 150 శాతం. ఇంట్లో 27 అంగుళాల 4కే, అంటే 3840×2160. విశాఖ మధురవాడ ఆఫీసులో 24 అంగుళాలది, 1920×1080, అక్కడ స్కేలింగ్ 100. రోజూ ఈ మూడింటి మధ్య తిరగాలి.

దీనికి తోడు మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. సముద్రం గాలికి గేటు గొళ్లెం నుంచి గ్యాస్ స్టవ్ దాకా అన్నీ తుప్పు పడతాయి, హెచ్‌డీఎంఐ కేబుల్‌ని మాత్రం ఎందుకు వదుల్తుంది? కొన మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. గంటకోసారి మానిటర్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చేది. ఆ ఒక్క క్షణంలోనే విండోస్ అన్నింటినీ లాప్‌టాప్ తెర మీదకి విసిరేసి మళ్లీ వెనక్కి తెచ్చేది. వర్చువల్ మెషీన్ మాత్రం తిరిగొచ్చేసరికి ఏదో ఒక అవకరంతో వచ్చేది. నేను కుర్చీ ముందుకి జరుపుకుని కళ్లు చికిలిస్తుంటే మా అమ్మ, "ఏట్రా, ముక్కు తెరకి ఆనించి సూస్తన్నావు? సత్వారం వచ్చినట్టుంది, డాక్టర్‌కి సూపించుకో" అంది. నాకు 31.

చత్వారం కాదు గానీ, లోపలున్న ఉబుంటుకి మాత్రం నిజంగానే ఏమీ కనపడదు. దానికి మీ మానిటర్ ఎన్ని అంగుళాలదో తెలియదు, మార్చారని కూడా తెలియదు. వర్చువల్‌బాక్స్ ఇచ్చే ఒక ఉత్తుత్తి తెర, దాని పిక్సెళ్ల లెక్క, అంతే దాని ప్రపంచం. అక్షరాల్ని పెద్దవి చేసే చేతులేమో మూడు: విండోస్ ఒకటి, వర్చువల్‌బాక్స్ ఒకటి, ఉబుంటు ఒకటి. ఇద్దరు చేస్తే బండగా, మసగ్గా ఉంటుంది. ఒకళ్ల మీద ఒకళ్లు వదిలేసుకుంటే చీమ తలకాయలు. ఒక్కళ్లే చేయాలి, అదీ బొమ్మ గీసే ఉబుంటునే.

ఎవరు చేస్తున్నారో తెలుసుకోవడానికి నేను ఆలస్యంగా పట్టిన కిటుకు ఇది. మెషీన్‌ని ఫుల్‌స్క్రీన్ చేసి, ఉబుంటు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి రిజల్యూషన్ (ఆ పిక్సెళ్ల లెక్క) చూడండి. నా లాప్‌టాప్ తెర మీద అది 1920×1080 చూపించాలి. 1280×720 చూపించింది! 1920ని 1.5తో భాగిస్తే 1280, 1080ని భాగిస్తే 720. అంటే విండోస్ తన 150 శాతాన్ని చల్లగా నడిపిస్తోందన్నమాట: ఉబుంటు చేత చిన్న బొమ్మ గీయించి, దాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీస్తోంది. ఒక పిక్సెల్‌ని ఒకటిన్నర పిక్సెళ్లలో కూర్చోబెట్టలేం కదా, అందుకే మసక.

దీన్ని ఆపడానికి విండోస్‌లో వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, అక్కడ హై డీపీఐ (పిక్సెళ్లు దట్టంగా ఉండే తెరల) సెట్టింగ్స్, అడుగున ఉన్న ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి అప్లికేషన్ అని ఎంచుకోవాలి. ఇది చాలామంది చెప్తారు, నేనూ చేశాను, వెంట్రుకవాసి మార్పు లేదు. రెండు రోజుల తర్వాత తెలిసింది, నేను టిక్ పెట్టింది డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌కి. అది మెషీన్ల జాబితా చూపించే మేనేజర్ మాత్రమే. వర్చువల్‌బాక్స్ 6.0 వెర్షన్ నుంచి మెషీన్ విండో నడిపేది వేరే ఫైలు, అదే ఫోల్డర్‌లో వర్చువల్‌బాక్స్‌వీఎం అనే పేరుతో ఉంటుంది. టిక్ దానికి పెట్టాలి. పెట్టి, మెషీన్ మూసి మళ్లీ తెరిచాను. 1920×1080 వచ్చింది, అక్షరాలు అంచులు తేలి కనిపించాయి. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ ఫ్యాక్టర్ కూడా ఉంటుంది, అది 100 మీదే ఉందో లేదో చూసుకోండి.

ఇక మిగిలింది ఉబుంటు చేయాల్సిన పని. ఇంట్లో 4కే కోసం లోపల స్కేల్ 200 పెట్టాను, బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు ఆఫీసులో అదే 200 ఆ 1920×1080 తెర మీద! సెట్టింగ్స్ విండో తెరలో పట్టలేదు, అప్లై బటన్ బయటికి పోయింది. పక్క సీటాయన చూసి నవ్వాడు. (ఇలా ఇరుక్కుంటే సూపర్ కీ, అంటే విండోస్ గుర్తున్న కీ, నొక్కిపట్టి విండోని ఎక్కడ పట్టుకున్నా లాగొచ్చు.) అప్పట్నుంచి స్కేల్ ఎప్పుడూ 100 మీదే ఉంచుతున్నాను. మార్చేది అక్షరాల సైజు ఒక్కటే. గ్నోమ్ ట్వీక్స్‌లో (ఉబుంటు తెర రూపాన్ని సవరించుకునే చిన్న ప్రోగ్రామ్) ఫాంట్స్ కింద స్కేలింగ్ ఫ్యాక్టర్ ఉంటుంది, ఇంట్లో 1.5, ఆఫీసులో 1. రోజూ అక్కడికెళ్లే ఓపిక లేక, జీసెట్టింగ్స్ అనే (ఉబుంటు సెట్టింగ్స్‌ని మార్చే) కమాండ్‌తో ఆ విలువ మార్చే రెండు కీబోర్డ్ షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. ఐకాన్లు, బటన్లు దీంతో అంతగా పెరగవు, 4కే మీద కాస్త చిన్నగానే ఉంటాయి. నేను రోజంతా చూసేది టెర్మినల్, ఎడిటర్ కాబట్టి నాకు ఫర్వాలేదు. మీది డిజైన్ పని అయితే ఇది నచ్చకపోవచ్చు.

కేబుల్ పీకాక చుట్టూ నల్ల అంచులు వచ్చినా, స్క్రోల్‌బార్లు వచ్చినా అది స్కేలింగ్ గొడవ కాదు, ఉబుంటుకి కొత్త సైజు కబురు అందలేదంతే. ఆ కబురు మోసేది గెస్ట్ అడిషన్స్, అంటే ఉబుంటు లోపల ఇన్‌స్టాల్ చేసే వర్చువల్‌బాక్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్. మెషీన్ విండో వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే టిక్ ఉందా, మెషీన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కంట్రోలర్ (ఉత్తుత్తి గ్రాఫిక్స్ కార్డు) వీఎంఎస్‌వీజీఏ రకం ఉందా చూడండి. నాకు ఒకసారి ఉబుంటులో కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక ఇది ఆగిపోయింది, అడిషన్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే దారిలోకొచ్చింది.

కేబుల్ కూడా మార్చాను, మానిటర్ రెప్పలు కొట్టడం మానేసింది. ముందే మార్చి ఉంటే ఇదంతా నేర్చుకునేవాణ్ణి కాదు, అది వేరే విషయం. మూడు తెరల మీదా ఫుల్‌స్క్రీన్‌లో రిజల్యూషన్ ఎంతెంత చూపిస్తోందో కింద రాయండి, ఎక్కడ తేడా కొడుతోందో ఆ అంకెలే చెప్పేస్తాయి.